‘ఫిర్టెల్ ఆఖ్ట్’ అంటే ఏడుంబావు

జర్మనీలోని కెమ్నిట్స్‌కు వచ్చిన మొదటి నవంబరులో, ప్రయోగశాలలో నాకు జోడీగా ఉన్న అమ్మాయి గురువారం సాయంత్రం వాళ్ళింటికి రమ్మని పిలిచింది. ఎన్నింటికి రావాలని అడిగితే ‘ఫిర్టెల్ ఆఖ్ట్’ అంది. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ అంకెలూ వారాల పేర్లూ మాత్రమే. ఫిర్టెల్ అంటే పావు, ఆఖ్ట్ అంటే ఎనిమిది. కలిపితే ఎనిమిదింబావు. సరిగ్గా ఎనిమిదీ పదిహేనుకు గంట నొక్కాను. లోపల నలుగురు బల్ల ముందు కూర్చుని ఏడుంబావు నుంచీ నాకోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళ రాత్రి భోజనం రొట్టె ముక్కలు, జున్ను, పచ్చి దోసకాయ కాబట్టి చల్లారిపోవడానికి బల్లమీద ఏమీ లేదు. అందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఈ ఊరున్న సాక్సనీ రాష్ట్రంలో ‘ఫిర్టెల్ ఆఖ్ట్’ అంటే ఏడుంబావు. ‘హాల్ప్ ఆఖ్ట్’, అంటే సగం ఎనిమిది, ఏడున్నర. ‘డ్రై ఫిర్టెల్ ఆఖ్ట్’, ముప్పావు ఎనిమిది, ఏడూ నలభై ఐదు. సగం లెక్క జర్మనీ అంతటా ఉంది. పావు లెక్క మాత్రం తూర్పు రాష్ట్రాల్లోనూ దక్షిణాన కొన్నిచోట్లా వినిపిస్తుంది. ఆ అమ్మాయి కాగితంమీద గుండ్రంగా గడియారం గీసి చెప్పింది. ఏడు దాటగానే ఎనిమిదో గంట నిండడం మొదలవుతుందట. పావు నిండితే పావు ఎనిమిది, సగం నిండితే సగం ఎనిమిది. అది వినగానే నాకు మా ఇంటి కుళాయి కింద పెట్టిన బిందె కనిపించింది. మనం ఏడుంబావు అన్నప్పుడు అయిపోయిన ఏడు గంటలను పక్కన పెట్టి, వాటిమీద పావును చేరుస్తాం. వాళ్ళు నిండుతున్న బిందెలోకి తొంగి చూస్తారు. ఆ నలుగురిలో కొలోన్ నుంచి వచ్చిన అబ్బాయి, తాను జర్మనుడై ఉండి కూడా ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇదే మాటవల్ల దంతవైద్యుడి దగ్గరికి గంట ఆలస్యంగా వెళ్ళానని చెప్పాడు. అందరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం.

ఆ నవ్వు ఎందుకు గుర్తుండిపోయిందో తర్వాత తెలిసింది. నేను దేశం విడిచి అప్పటికి ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి నేను నవ్విన మొదటి నవ్వు అది. పాఠాలు అర్థమవుతున్నాయి, ప్రయోగాలు జరుగుతున్నాయి, మార్కులు వస్తున్నాయి. ట్రాములో, మెట్లమీద, అంగడిలో జనం నవ్వుకుంటూనే ఉన్నారు. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో నాకు తెలియదు.

‘ఇంగ్లీషు చాలు’ అన్న మాటమీద నా కోపమంతా అక్కడినుంచే వచ్చింది. హైదరాబాదులో ఫీజు కట్టి సలహా తీసుకున్న చోట ఆ మాటే చెప్పారు. ముందు వెళ్ళిన సీనియర్లూ అదే చెప్పారు. కోర్సు ఇంగ్లీషులో, పరీక్షలు ఇంగ్లీషులో, పరిశోధన వ్యాసం ఇంగ్లీషులో, ఇంకేం కావాలి? నిజమే, డిగ్రీకి చాలు. 2022-23 శీతాకాల సెమిస్టరులో జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో భారతీయుల సంఖ్య మొదటిసారి చైనావారిని దాటింది. మరుసటి ఏడాదికి 49 వేలు మించింది. అందులో మన తెలుగువాళ్ళు ఎంతమందో చెప్పే లెక్క నా దగ్గర లేకపోయినా, మా తరగతి గదిలో వెనక వరుసల్లో కూర్చుంటే ఖమ్మం బస్టాండులో కూర్చున్నట్టే ఉంటుంది. ఇంతమందిమి ఇక్కడ రెండు మూడేళ్ళు బతుకుతున్నాం. ఆ రెండు మూడేళ్ళూ చెవులు మూసుకుని బతకవచ్చని ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. అది తప్పు సలహా అని నేను నమ్ముతున్నాను. వచ్చిన కొత్తలో నేనూ ఇద్దరికి అదే సలహా ఇచ్చాను కాబట్టి, దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత కూడా నామీద ఉంది.

ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. కెమ్నిట్స్ 1953 నుంచి 1990 వరకు కార్ల్ మార్క్స్ స్టాడ్ట్, అంటే కార్ల్ మార్క్స్ పట్టణం. ఊరి నడిబొడ్డున ఏడు మీటర్ల ఎత్తున కంచుతో పోసిన మార్క్స్ తల ఉంది. సోవియట్ శిల్పి లెవ్ కెర్బెల్ చేసినది, 1971లో ఆవిష్కరించారు. మొండెం లేదు, చేతులు లేవు, ఒట్టి తల. దాని వెనక గోడమీద ప్రపంచ కార్మికులారా ఏకం కండి అన్న మాట నాలుగు భాషల్లో చెక్కి ఉంటుంది. ఊరివాళ్ళు దాన్ని ‘నిషెల్’ అంటారు. పాఠ్యపుస్తకంలో తలకు ‘కోప్ఫ్’ అని ఉంటుంది. నిషెల్ ఇక్కడి యాసమాట, మనం బుర్ర అన్నట్టు. అయిదింటికి నిషెల్ దగ్గర కలుద్దామని ఎవరైనా అంటే, ఆ మహానుభావుడి బుర్ర దగ్గర కలుద్దామని అర్థం. గంభీరంగా కనుబొమలు ముడిచి ఉన్న ఆ ముఖం కింద ఐస్‌క్రీము తింటూ స్నేహితులకోసం ఎదురుచూసే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఉల్లాసంగా ఉంటుంది.

తూర్పు జర్మనీ బడుల్లో అయిదో తరగతి నుంచి పిల్లలందరూ నేర్చుకోవలసిన విదేశీ భాష రష్యన్. కాబట్టి ఈ ఊళ్ళో అరవై దాటినవాళ్ళతో మీరు ఎంత చక్కటి ఇంగ్లీషు మాట్లాడినా, వాళ్ళకది నాకు రష్యన్ వినిపించినట్టే వినిపిస్తుంది. బస్సులో, బేకరీలో, ఆసుపత్రి వరండాలో, మెట్లమీద ఎదురయ్యేది వాళ్ళే. పగటిపూట ఊరంతా వాళ్ళదే.

మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ అలాంటి మనిషి. వస్త్రాలు నేసే యంత్రాలు తయారు చేసే కర్మాగారంలో పనిచేసి విరమించింది. నేనూ గుంటూరు అమ్మాయీ కలిసి ఉంటున్న ఫ్లాటు, కాంక్రీటు పలకలు నిలబెట్టి కట్టిన పాతకాలపు అపార్ట్‌మెంటులో ఉంది. ఆ పలకల్లో చప్పుడు నీళ్ళలా పారుతుంది. మూడో అంతస్తులో కుర్చీ జరిపితే మొదటి అంతస్తులో ఎవరో లేచారనుకుంటారు. అమ్మ నాకు ఖమ్మం నుంచి అరచేతంత రాతి రోలు పంపించింది. మొదటి నవంబరులోనే ఒకరోజు రాత్రి పదిన్నరకు అందులో అల్లం వెల్లుల్లి దంచుతుంటే తలుపు గంట మోగింది. పెద్దావిడ ఇంటి చెప్పులతో మెట్లెక్కి వచ్చి, వేలితో కిందికి చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు గట్టిగా ఉంది, మొహంలో నవ్వు లేదు. క్షమించమని చెప్పి తలుపు వేసుకున్నాను. రోలు తీసుకెళ్ళి బీరువా అడుగున పెట్టేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు సీసాలో దొరికే ముద్దతో వండుకున్నాం. అది వేసిన కూర ఏదైనా ఒకే వాసన వేస్తుంది. మెట్లమీద పెద్దావిడ కనిపిస్తే మేమిద్దరం గోడకు అతుక్కుని దారి ఇచ్చేవాళ్ళం.

జనవరిలో సాయంత్రపు జర్మన్ తరగతుల్లో చేరాను. మార్చి నెలలో ఒక ఆదివారం మెట్లమీద ఆవిడ నన్ను ఆపి ఏదో అడిగింది. ఈసారి వాక్యంలో సగం అందింది. “మీ రాతి గిన్నె ఏమైంది? చప్పుడు వినపడడం లేదు?” దాచేశానని, మీకు ఇబ్బంది అయిందని, వచ్చిన మాటలన్నీ పోగేసి చెప్పాను. ఆవిడ నావంక వింతగా చూసింది. ఆ రాత్రి తాను చెప్పింది ఒకటేనట. గిన్నె కింద తువ్వాలు మడిచి వేసుకుంటే చప్పుడు కిందికి రాదు, పది దాటాక వద్దు, మిగతా వేళల్లో ఎంతైనా దంచుకోండి అని. చెప్పడం అయిపోయాక లోపలికి వెళ్ళి, కుట్టుమిషను కింద వేసుకునే మందపాటి గుడ్డ చాప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇప్పటికీ మా వంటింట్లో రోలు దానిమీదే ఉంటుంది.

తువ్వాలు వేయమన్న మాటను నేను తిట్టుగా విన్నాను. నాకేమీ మాటలు తెలియవు కాబట్టి ఆవిడ గొంతును మాత్రమే విన్నాను. సాక్సనీ గొంతు మనకు మొదట్లో గట్టిగానే వినిపిస్తుంది. ఇద్దరు స్నేహితులు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నా తగాదా పడుతున్నారనిపిస్తుంది. (మా ఊరి కూరగాయల మార్కెట్టులో నిలబెడితే వాళ్ళకూ అలాగే అనిపిస్తుంది.) భాష తెలియని చోట మనిషి మాటను వినలేడు, ముఖాన్ని చదువుతాడు. పరదేశంలో ముఖాలు చదవడం మనకు రాదు. ఎందుకంటే ముఖానికి కూడా యాస ఉంటుంది.

మన కూరగాయలు దొరికే అంగడి కథ ఇంకొకటి. 1980లో కుదిరిన ఒప్పందం కింద తూర్పు జర్మనీ కర్మాగారాల్లో పనికి వియత్నాం నుంచి వేలమంది వచ్చారు. బెర్లిన్ గోడ కూలి కర్మాగారాలు మూతపడ్డాక, ఉండిపోయినవాళ్ళలో చాలామంది చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. మేము బియ్యం, బెండకాయలు, పచ్చిమిరపకాయలు కొనే కొట్టు అలాంటి ఒక కుటుంబానిది. కొట్టులో కూర్చునే ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు వియత్నామీ రాదు. కరివేపాకు ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే ఆసియావాళ్ళం ఇద్దరం జర్మన్‌లోనే మాట్లాడుకోవాలి. రెండు అన్న అంకెను ఆవిడ ‘ట్స్వే’ అనేది. మా తరగతిలో నేర్పింది ‘ట్స్వై’. వియత్నాం నాలుకకు ఆ శబ్దం అలా తిరుగుతుందేమో అనుకున్నాను. తర్వాత మా కింది అంతస్తు పెద్దావిడా ‘ట్స్వే’ అంది, ట్రాము డ్రైవరూ అన్నాడు. అది వియత్నాం యాస కాదు, శుద్ధమైన సాక్సనీ యాస! నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషి ఈ ఊరి మాటనే మాట్లాడుతోంది. చింతపండు బేరం ఆడుతూ ఈ సంగతి గ్రహించిన రోజు నేను ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను. ఆ నవ్వులో ఆవిడమీద గౌరవం కూడా ఉంది.

యాస అంటే గుర్తొచ్చింది. ఇక్కడివాళ్ళు అవుననడానికి ‘నూ’ అంటారు. ఇంగ్లీషు చెవితో వింటే అది ‘నో’. మా ఫ్లాటులో నీటి గొట్టం బాగు చేయడానికి వచ్చిన పనివాడిని గుంటూరు అమ్మాయి “ఇవాళ అవుతుందా?” అని అడిగితే అతను ‘నూ’ అన్నాడు. రేపు రండని ఆమె, ఇప్పుడే చేస్తానని అతను, పది నిమిషాలు ఒకే అభిప్రాయంతో వాదించుకున్నారు.

చిన్న విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. పాఠం ముగిశాక ఇక్కడ చప్పట్లు కొట్టరు, పిడికిలి మడిచి బల్లమీద టకటకా తడతారు. మా బడిలో అలా బల్ల తడితే గోడకుర్చీ వేయించేవారు. మధ్యాహ్నం పదకొండున్నర దాటితే వరండాలో ఎదురైనవాళ్ళు ‘మాల్‌త్సైట్’ అంటారు, భోజనాల వేళ అని అర్థం. మనవాళ్ళు తిన్నావా అని పలకరించినట్టే. కాకపోతే మన పలకరింపుకు ఏ కూరతో తిన్నామో కూడా చెప్పాలి. వీళ్ళకు తిరిగి అదే మాట చెబితే చాలు. వీధి దాటేచోట వెలిగే బొమ్మకు టోపీ ఉంటుంది. 1961లో తూర్పు బెర్లిన్‌లో కార్ల్ పెగ్లావ్ అనే నిపుణుడు రూపొందించిన బొమ్మ అది. అర్ధరాత్రి ఒక్క వాహనం లేని వీధిలో కూడా జనం ఆ ఎర్రబొమ్మ ముందు ఓపికగా నిలబడతారు, పిల్లలు చూస్తే నేర్చుకుంటారని. ఆ వేళకు పిల్లలంతా నిద్రపోతుంటారు, అయినా నిలబడతారు. ఈ పట్టుదల నాకు చాలా ఇష్టం. టర్కీ రొట్టెల కొట్టులో ‘మిట్ షార్ఫ్?’ అని అడుగుతారు. షార్ఫ్ అంటే కత్తి పదును, మిరప కారం కూడా. రెండింటికీ ఒకటే మాట. గుంటూరు అమ్మాయి ఆ కారం పొడి ఇంకో రెండుసార్లు చల్లమని అడిగితే కొట్టు యజమాని గరిట పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఇంటిపేరు సంగతి మాత్రం చిన్నది కాదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పత్రాల్లో అది చేరాక ఆఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రిలో అందరూ ‘ఫ్రౌ’, అంటే శ్రీమతి, అని మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. మా నాన్నని, తాతని, పెదనాన్నని కలిపి ఒకేసారి పిలిచినట్టు ఉండేది నాకు. ఒకసారి ఆసుపత్రిలో నా వంతు వచ్చి ఇంటిపేరుతో కేకేస్తే, అలవాటు కొద్దీ నాన్న కోసం వెనక్కి తిరిగి చూశాను. అయితే ఈ దేశంలో ఫ్లాటుకు అంకె ఉండదు. వీధి తలుపు దగ్గర గంటల వరుసలో, ఉత్తరాల పెట్టెమీద ఇంటిపేరు రాసి పెట్టాలి. పేరు లేకపోతే ఉత్తరం రాదు, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మొదటి రోజు చిన్న చీటీమీద మా ఇంటిపేరు రాసి గంట పక్కన అతికించాక దూరంగా నిలబడి చూశాను. తెలుగులో దాన్ని ఇంటిపేరు అని ఎందుకన్నారో, అది నిజంగా ఇంటికి అతికించి ఉండగా చూసింది అక్కడే. ఫోటో తీసి నాన్నకు పంపాను. ఆయన దాన్ని బంధువులందరికీ పంపించారు.

పుట్టినరోజు తగాదా కూడా చెప్పాలి. 2025 జనవరిలో మా ఫ్లాటులో మూడో గదికి పక్క రాష్ట్రం తురింగియా నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. మరునాడు నా పుట్టినరోజనగా సాయంత్రం ఏడున్నరకు అమ్మ వీడియోలో ఫోను చేసింది. శీతాకాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా. ఖమ్మంలో సరిగ్గా రాత్రి పన్నెండు. అమ్మ, నాన్న, తమ్ముడు కలిసి పాట పాడేస్తున్నారు. వంటింట్లో ఉన్న తురింగియా అమ్మాయి పరుగున వచ్చి ఆపమని చేతులూపింది. పుట్టినరోజుకు ముందే శుభాకాంక్షలు చెబితే కీడు జరుగుతుందని వీళ్ళ నమ్మకం. అందులో ఆమెకు ఎంత పట్టింపో ఆ కంగారు చూస్తేనే తెలుస్తుంది. మా ఊళ్ళో ఇప్పటికే రేపు అయిందని నేను చెప్పాను. నువ్వు ఇక్కడ ఉన్నావు, ఇక్కడ ఇంకా ఇవాళే కదా అని ఆమె. పుట్టింది అక్కడ కాబట్టి అక్కడి గడియారమే లెక్క అని నేను. మధ్యలో అమ్మ, “ఆ పిల్ల ఏమంటోంది? తిన్నదా?” అని అడిగింది. నేను ఇద్దరికీ మధ్య నిలబడి రెండు భాషల్లో ఒక పుట్టినరోజు పంచాయితీ నడిపాను. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: అమ్మవాళ్ళు పాట ముగించవచ్చు. ఈ అమ్మాయి మాత్రం ఇక్కడ పన్నెండు కొట్టాకే చెబుతుంది. చెప్పడానికి నిజంగానే పన్నెండు దాకా మేలుకుని ఉంది. మరునాడు కేకు నేనే తయారు చేసి తరగతికి పట్టుకెళ్ళాను. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే తెచ్చి పెట్టాలి.

జర్మన్ రాకుండా ఈ పంచాయితీ ఎలా నడిచేది? తురింగియా అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, ఏదో విధంగా నడిచేదే. కానీ కంగారులో మనిషి తన భాషలోనే మాట్లాడుతుంది. ఆ నాలుగు మాటలు నేరుగా చెవిన పడకపోతే, మా అమ్మ పాటకు ఈమె చిరాకు పడిందని అనుకుని ఉండేదాన్ని. రోలు కథ మళ్ళీ జరిగేది.

ఇక, జర్మన్ నేర్చుకోవద్దనేవాళ్ళ వాదనలు నాకు బాగా తెలుసు. తేలికగా కొట్టిపారేయవలసినవి కావు. మొదటిది సమయం. 2023లో నేను వచ్చేనాటికి వీసా కోసం బ్యాంకు ఖాతాలో చూపవలసిన మొత్తం ఏడాదికి 11,208 యూరోలు. మరుసటి ఏడాది అది 11,904కు పెరిగింది. ఇంటిమీద అప్పు తెచ్చి వచ్చినవాళ్ళకు ప్రతి గంటా డబ్బే. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరరోజులు పనిచేయనిస్తుంది. చదువుకు పోగా ఉన్న సమయమంతా ఆ పనికే పోతుంది. రాత్రి పార్సెళ్ళు మోసి వచ్చిన మనిషిని సాయంత్రం వ్యాకరణం నేర్చుకోమనడం న్యాయమా అని మా గుంటూరు అమ్మాయే నన్ను నిలదీసింది. నా జవాబు: అందుకే బయలుదేరక ముందే నేర్చుకోవాలి. సీటు వచ్చిన నాటి నుంచి వీసా చేతికి వచ్చేదాకా నెలల తరబడి ఇంటిపట్టున ఎదురుచూస్తాం. ఆ నెలల్లో జర్మన్ పరీక్షల్లో మొదటి రెండు మెట్లు, ఏ1, ఏ2, ఎక్కేయవచ్చు. మన దగ్గర ఆ నెలల్లో పెట్టెలు సర్దడం, పచ్చళ్ళు పెట్టించడం, కుక్కరు కొనడం జరుగుతుంది. అవన్నీ కావలసినవే. కానీ పచ్చడి ఆరు నెలల్లో అయిపోతుంది.

పని విషయంలో కూడా తేడా ఉంది. పార్సెళ్ళ గోదాములో మాట అక్కర్లేదు, అందుకే అక్కడ మనవాళ్ళే ఎక్కువ. జర్మన్ రెండో మెట్టు దాటాక నాకు ఒక బేకరీలో వారాంతపు పని దొరికింది. చేతులు మొద్దుబారే చలి లేదు, మనుషులున్నారు. ఇక్కడ లోపల జాము పెట్టి నూనెలో వేయించిన ఉండను ‘ఫన్‌కూహెన్’ అంటారు. పశ్చిమం నుంచి వచ్చినవాళ్ళు దాన్నే ‘బెర్లీనర్’ అని అడుగుతారు. వాళ్ళ ఊళ్ళో ఫన్‌కూహెన్ అంటే పెనంమీద పోసే అట్టు. కౌంటరు ముందు నిలబడి ఒక హాంబర్గు పెద్దమనిషి, మా యజమానురాలు దేనిపేరు ఏమిటని వాదించుకుంటుంటే నాకు మా పెళ్ళిళ్ళలో సొరకాయా, ఆనపకాయా అని మొదలయ్యే వాదన గుర్తొచ్చింది. అందులోనూ ఎవరూ ఓడిపోరు, కూర మాత్రం అయిపోతుంది.

రెండో వాదన ఫోను. కెమెరా చూపిస్తే ఉత్తరం అనువాదమైపోతోంది కదా అంటారు. నిజమే, ఆఫీసు ఉత్తరాలకు నేనూ అదే వాడతాను, చాలా మేలు చేస్తుంది. కానీ ఇంటి చెప్పులతో మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ, నేను ఫోను తీసి, తెరిచి, ఆవిడ ముఖం ముందు పెట్టేదాకా ఆగదు. ఆగినా, చెప్పాలనుకున్న మాట ఆవిడ గొంతులోనే మారిపోతుంది. ఒక యంత్రం ముందు ఎవరూ నవ్వు కోసం మాట్లాడరు, పని కోసం మాట్లాడతారు.

మూడోది, చదువు అయ్యాక వెళ్ళిపోతాం కదా అన్నది. వెళ్ళేవాళ్ళు వెళ్ళనీ. కానీ చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు, మనలో చాలామంది ఆ 18 నెలల మీదే ఆశ పెట్టుకుంటాం. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువు చదివి ఉద్యోగం చేసే విదేశీయులకు ఇచ్చే నివాస అనుమతి, వచ్చినవాళ్ళకు శాశ్వత నివాసం జర్మన్ మూడో మెట్టు (బీ1) వస్తే 21 నెలలకు, మొదటి మెట్టే వస్తే 27 నెలలకు. ఈ లెక్కలు పనికొచ్చేవే, తెలుసుకోవాలి. అయినా భాష నేర్చుకోమని నేను చెప్పేది ఈ లెక్కల కోసం కాదు. అనుమతి కోసం నేర్చుకున్నవాళ్ళు పరీక్ష మరునాడు పుస్తకం మూసేయడం చూశాను.

ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగితే, మొదటి నెలల్లో బాగుంది అనడం తప్ప నా దగ్గర ఇంకో మాట ఉండేది కాదు. అమ్మ ఆ మాటను నమ్మేది కాదు. ఇప్పుడు ఫోను పెట్టేయడానికి గంట పడుతోంది. ట్స్వే, నూ, ఫన్‌కూహెన్, టోపీ బొమ్మ, అన్నీ చెప్పాలి. వింటూ అమ్మ నవ్వితే ఆవిడకు నిద్ర పడుతుంది. కూతురు ఆ ఊళ్ళో నవ్వుతోందంటే క్షేమంగా ఉందని తల్లికి తెలుస్తుంది. జూనియర్లు “అక్కా, జర్మన్ అవసరమా?” అని అడిగినప్పుడు ఇప్పుడు నేను ఈ సంగతే మొదట చెబుతాను.

2025లో కెమ్నిట్స్ ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది. ఊరి నిండా యాత్రికులు. ఆ వేసవిలో ఒక సాయంత్రం కింది అంతస్తు పెద్దావిడ కాఫీకి పిలిచింది. జర్మన్‌లోనూ మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి, ‘జీ’, ‘డూ’. ఇంగ్లీషులో ఆ తేడా లేదు కాబట్టి దానివైపు నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ తడబడతారు, తెలుగువాళ్ళం తడబడం. ఒకటే చిక్కు. మనలో పెద్దవాళ్ళు నువ్వు అంటారు, చిన్నవాళ్ళు మీరు అంటారు, అది అలాగే సాగుతుంది. ఇక్కడ ఇద్దరూ ఒకటే వాడాలి. మీరు నుంచి నువ్వుకు మారాలంటే పెద్దవాళ్ళే ముందు అడగాలి. కాఫీ పోశాక ఆవిడ కప్పు కింద పెట్టి, కాస్త సర్దుకుని కూర్చుని, ఇక మనం ‘డూ’ అనుకుందామా అంది. డెబ్బై దాటిన మనిషిని నువ్వు అనడానికి నా నాలుక ముందు ఒప్పుకోలేదు. తర్వాత తట్టింది, మా అమ్మమ్మను నేను నువ్వు అనే అంటాను. మీరు అనేది బయటివాళ్ళను. సరే అన్నాను.

ఆవిడ తన కథ చెప్పింది. 1951లో కెమ్నిట్స్‌లో పుట్టింది, కార్ల్ మార్క్స్ స్టాడ్ట్‌లో చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, పనిచేసింది, మళ్ళీ కెమ్నిట్స్‌లో ఉంటోంది. ఒక్కసారి కూడా ఊరు మారలేదు. నేను నా కథ చెప్పాను. నేను పుట్టినప్పుడు మా ఖమ్మం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, 2014 జూన్‌లో తెలంగాణలోకి వచ్చింది, నేను రాష్ట్రం మారినా మా ఇల్లు మారలేదు. మా పిన్ని వాళ్ళది చింతూరు. అది ఖమ్మం జిల్లాలోనే ఉండేది, అదే ఏడాది ఆంధ్రలోకి వెళ్ళింది. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే జిల్లాలో కాపురాలు పెట్టి, గడప దాటకుండానే రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు. అమ్మ పిన్నిని చూడడానికి ఇప్పుడు సరిహద్దు దాటి వెళుతుంది, బస్సు మాత్రం ఎప్పటిదే.

నేను వాక్యం వాక్యం పేర్చుకుంటూ చెబుతుంటే, ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి వాక్యానికీ ఒకసారి మెల్లగా ‘నూ’ అంటోంది. ఆగితే ‘నూ?’ అంటోంది. మధ్యలో నేను చెప్పడం ఆపేశాను. ఏమైందని అడిగింది. మా అమ్మమ్మకు నేను బడి కబుర్లు చెప్పేటప్పుడు ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ ఇలాగే ఊఁ కొట్టేదని, ఊఁ అనకపోతే కథ ఆగిపోతుందని చెప్పాను. ఒకసారి అని చూపించమంది. ఊఁ అన్నాను. ఆవిడ రెండు మూడుసార్లు అని చూసుకుంది, ముక్కుతో అనడం మొదట పట్టుబడలేదు, తర్వాత పట్టుబడింది. కప్పులో మళ్ళీ కాఫీ పోసి, పిన్ని వాళ్ళ బస్సు దగ్గర ఆపావు, తర్వాత చెప్పు అన్నట్టు నావైపు చూసి, “ఊఁ?” అంది.